ముసురు పట్టిన తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టే ముందు

కార్తీకం వచ్చిందంటే మా నెల్లూరు జిల్లాలో ట్రాక్టర్ ఉన్నవాడికి కంటి నిండా నిద్ర ఉండదు. కాలవలకు సోమశిల నీళ్ళు వదులుతారు, నారుమడులు సిద్ధమవుతాయి, దమ్ముకి (నీళ్ళు పెట్టిన మడిని బురదగా దున్నడానికి) రమ్మని తెల్లారకముందే ఫోన్లు మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే ముసురు, వాయుగుండం, తుపాను ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. మిగతా జిల్లాలకు జూన్‌లో మొదలైన వానలు సెప్టెంబరుతో తగ్గుతాయి గానీ, మనకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. డీజిల్ ఇంజన్ మొరాయించేది ఎక్కువగా ఆ మూడు నెలల్లోనే. చెయ్యకూడనిది చేసి మనమే దాన్ని పాడుచేసుకునేదీ అప్పుడే. నేను చూసినంతలో పొలంలో నడిచేటప్పుడు పాడయ్యే ఇంజన్లు తక్కువ, పొద్దున్నే మొదటిసారి తాళం తిప్పినప్పుడు పాడయ్యేవి ఎక్కువ.

"చలికి ఇంజన్ పట్టేసింది" అంటారు మనవాళ్ళు. ముందు ఆ చలి సంగతి తేల్చుకుందాం. డీజిల్ ఇంజన్‌లో పెట్రోలు బండికి ఉన్నట్టు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని 16, 17 వంతుల్లో ఒక వంతు చోటులోకి నొక్కేసరికి అది విపరీతంగా వేడెక్కుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ భగ్గున అంటుకుంటుంది. ఇనుము మరీ చల్లగా ఉంటే ఆ వేడిని సిలిండర్ గోడలే లాగేసుకుంటాయి. గడ్డకట్టే చలి ఉన్నచోట ఇంకో బాధ, డీజిల్‌లో ఉండే మైనం గట్టిపడి ఫిల్టర్ మూసుకుపోతుంది. అందుకే లడఖ్ కోసం 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. అక్కడ రేడియేటర్‌లో ఒట్టి నీళ్ళు పోసి వదిలేస్తే రాత్రికి మంచై, ఉబ్బి, ఇంజన్ బ్లాకే పగులుతుంది. మన నెల్లూరులో సంక్రాంతి చలిలో కూడా 20 డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది. ఆ మాత్రం చలికి మన బంకుల్లో పోసే డీజిల్ గట్టిపడదు. కాబట్టి బండి లేవకపోతే నెపం చలి మీద వెయ్యొద్దు. మన దగ్గర అసలు దొంగ నెమ్ము. నీళ్ళు ఎక్కడో చోట దూరి ఉంటాయి, ఎక్కడ దూరాయో చూసుకున్నాకే తాళం పెట్టాలి.

అన్నిటికంటే ముందు సైలెన్సర్ చూడండి. చాలా ట్రాక్టర్లకు ఆ గొట్టం బానెట్ మీద నిటారుగా నిలబడి ఉంటుంది. మూత లేకపోతే రాత్రి పడ్డ వానంతా లోపలికే దిగుతుంది. ఇంజన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్‌కి ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుని ఉండొచ్చు, నీళ్ళు అందులోంచి పిస్టన్ మీదకు చేరతాయి. గాలిని నొక్కితే అణుగుతుంది, నీళ్ళు అణగవు. తాళం తిప్పగానే పిస్టన్ పైకి లేచి ఆ నీళ్ళను గుద్దుకుంటుంది, పిస్టన్‌ను కింద ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీనికి బిందెడు నీళ్ళు అక్కర్లేదు, చిన్న గ్లాసుడు చాలు.

మా ఇంట్లో దీనికోసం ఒక పాలపొడి డబ్బా ఉంది. మూతి దగ్గర మేకుతో రెండు చిల్లులు పొడిచి, బైండింగ్ వైరు దూర్చి, ఆ వైరుకు ఎర్రటి నైలాన్ తాడు ముడివేశాం. సాయంత్రం ఇంజన్ చల్లారాక డబ్బా గొట్టం మీద బోర్లించి, తాడు రెండో కొస తెచ్చి స్టీరింగ్‌కు కడతాం. పొద్దున స్టీరింగ్ మీద చెయ్యి వేస్తే ముందు ఆ తాడే తగులుతుంది. డబ్బా తీశామా లేదా అని గుర్తు పెట్టుకోనవసరం లేదు. గొట్టంలో గుడ్డలు, సంచులు మాత్రం కుక్కకండి, లోపలికి జారితే తీయడం కష్టం.

ఇక డీజిల్. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో ఉండేది తేమ గాలి. రాత్రి చల్లబడ్డాక ఆ తేమ ట్యాంకు గోడలకు చెమటలా పట్టి కిందికి కారుతుంది. నీళ్ళు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు చేరతాయి, పంపుకి డీజిల్ వెళ్ళేదీ ఆ అడుగు నుంచే. అందుకని డీజిల్ పొద్దున కాదు, సాయంత్రం పని దిగగానే నిండా పోయించండి. ఇంట్లో డ్రమ్ములో నిల్వ పెట్టేవాళ్ళు డ్రమ్మును వానలో నిలువుగా ఉంచొద్దు. పైన అంచులో వాన నీళ్ళు నిలబడతాయి, ఎండకు వేడెక్కిన డ్రమ్ము రాత్రి చల్లబడేటప్పుడు బిరడా సందులోంచి ఆ నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. షెడ్డులో పెట్టండి, లేదంటే కింద ఒక పక్క ఇటుక పెట్టి, బిరడా దగ్గర నీళ్ళు నిలవకుండా వాల్చండి. అనుమానంగా ఉంటే అడుగు డీజిల్ కొంచెం తెల్ల గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. నీళ్ళుంటే అడుగున గీత గీసినట్టు విడిగా కనిపిస్తాయి. ఫిల్టర్ కింద ఉండే డ్రెయిన్ ప్లగ్‌ను ఈ మూడు నెలలూ వారానికోసారి వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. నీళ్ళు పంపులోకి, ఇంజక్టర్లలోకి వెళ్ళి తుప్పు పట్టిస్తే వాటి రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు లాంటి సముద్రం పక్క మండలాల వాళ్ళకు మాత్రం ఒక మాట. ఉప్పు గాలికి టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా బూజులా పడుతుంది. నెగటివ్ వైరు ముందు తీసి, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక బిగించి, పైన వాజిలైన్ రాయండి. బ్యాటరీలో నీళ్ళు చూడటానికి అగ్గిపుల్ల గానీ లైటర్ గానీ వెలిగించొద్దు, దాంట్లోంచి వచ్చే గ్యాస్ పేలుతుంది. చల్లటి పూట బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. కంపెనీ పుస్తకంలో ఆయిల్ రకం 15W-40 అని ఉంటే అదే పొయ్యండి, చిక్కగా ఉంటే మంచిదని ఇంకోటి పొయ్యకండి.

తాళం తిప్పే ముందు టార్చి వేసి సీటు కింద, టూల్ బాక్సులో, బానెట్ లోపల చూడండి. వానకు ఎలుకలు వెచ్చటి చోటు వెతుక్కుంటాయి, వాటి వెనకే పాములూ వస్తాయి. షెడ్డు తలుపులు తెరవండి, మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. గేరు న్యూట్రల్‌లో ఉందా, పీటీఓ (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) ఆపి ఉందా, క్లచ్ పూర్తిగా తొక్కామా చూసుకోండి. ఇంజన్ ఆపడానికి లాగే స్టాప్ నాబ్ లోపలికి నెట్టారా? రాత్రి లాగి అలాగే మర్చిపోయి, పొద్దున అరగంట సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించేసుకున్న వాళ్ళను చాలామందిని చూశాను. స్టార్టింగ్‌కు ముందు లోపలి గాలిని వేడిచేసే హీటర్ ప్లగ్ ఉన్న బండికి దాని టైము దానికి ఇవ్వండి. సెల్ఫ్ ఒక దఫాకి 10 సెకన్లు చాలు. లేవకపోతే ఒక నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. మూడుసార్లకు లేవకపోతే నాలుగోసారి కొట్టకండి, దిగి కారణం వెతకండి. ఫిల్టర్ మార్చాక లేవడం లేదంటే లైన్లో ఎయిర్ పట్టిందన్నమాట. ఆ గాలి బయటికి పోవడానికి ఉండే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా చేతి పంపు కొట్టాలి. ఇంజక్టర్ పైపుల దగ్గర వేళ్ళు పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

రెండు పనులు ఎవరు ఎంత తొందర పెట్టినా చేయకండి. ఒకటి, గాలి ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టి సెల్ఫ్ కొట్టడం. ఆ ఆవిరి సమయం కాని సమయంలో అంటుకుంటే పిస్టన్ పగులుతుంది, హీటర్ ప్లగ్ వేడిగా ఉంటే మంట మీ ముఖం మీదకే తన్నుతుంది.

రెండోది ఇంకా ఘోరం. తాళం పనిచేయడం లేదని కింద నిలబడి సెల్ఫ్ మోటారు బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ ఆనించడం. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యేలా కంపెనీవాడు పెట్టిన స్విచ్ అప్పుడు అడ్డు రాదు. బండి గేరులో ఉంటే ఇంజన్ అందుకున్న క్షణమే కదులుతుంది. నిలబడే చోటు ఎక్కడ? ముందు చక్రానికీ వెనక పెద్ద చక్రానికీ మధ్యలో. పక్కకు జరిగే టైము ఉండదు. ఇలా సొంత ట్రాక్టర్ కిందే పడి చనిపోయినవాళ్ళు ఉన్నారు. వైరింగ్ బాగుచేయించడానికి అయ్యే ఖర్చు ఎంతైనా పెట్టండి, మీ ఇంట్లో పిల్లలకు ఆ స్క్రూడ్రైవర్ పని నేర్పకండి.

స్టార్ట్ అయ్యాక ఆయిల్ లైటు ఆరిందో లేదో చూసి, రెండు మూడు నిమిషాలు నిదానంగా తిరగనివ్వండి. మొదట్లో కాస్త తెల్ల పొగ వస్తే టెన్షన్ వద్దు, అది కాలని డీజిల్. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే మెకానిక్‌ను పిలవండి.

తుపాను హెచ్చరిక వస్తే ట్రాక్టర్‌ను కయ్య గట్టు మీద వదలకుండా ఊళ్ళో మెరక మీదకు తెచ్చి, చెట్ల కింద కాకుండా నిలపండి. నెగటివ్ వైరు తీసేయండి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలు ఇంట్లో పైన పెట్టండి.

అయినా మునిగిపోతే? 2021 నవంబరులో, పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కూడా కొట్టుకుపోయినప్పుడు, మా చిన్నాన్న ట్రాక్టర్ బానెట్ దాకా మునిగింది. నీళ్ళు తీసి ఎండ వచ్చేసరికి ఆయన మనసు ఆగలేదు. "ఒక్కసారి కొట్టి చూద్దాం రా అబ్బాయ్" అన్నాడు. ఫోన్లో మెకానిక్ ఒకటే చెప్పాడు, తాళం తీసి జేబులో వేసుకోండి, నేను వచ్చేదాకా బయటికి తీయకండి అని. పక్క వీధిలో ఒకాయన ఆగలేక కొట్టాడు. టక్కుమని ఒక్క శబ్దం, అంతే. ఆ ఇంజన్ విప్పితే రాడ్ విల్లులా వంగి ఉంది, ఆయన దమ్ము సీజనంతా పోయింది.

మేం ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పాం. మునిగిన ఇంజన్‌ను మనమే స్టార్ట్ చేసి పాడుచేశామని తేలితే చాలా పాలసీల్లో ఆ నష్టం ఇవ్వరు. మెకానిక్ వచ్చి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ పై గీతను దాటి ఉంది. కింద ప్లగ్ వదులు చేయగానే ముందు బురద నీళ్ళు వచ్చాయి, ఆ వెనక నల్లగా ఆయిల్ దిగింది. ఇంజక్టర్లు విప్పి, ఇంజన్‌ను పానాతో చేత్తో తిప్పితే రెండో సిలిండర్ రంధ్రంలోంచి నీళ్ళు పిచికారీలా ఎగిరి బానెట్‌కు కొట్టాయి. చిన్నాన్న అది చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోశారు, గేరు ఆయిల్ మార్చారు, ట్యాంకు కడిగారు, ఫిల్టర్లన్నీ కొత్తవి వేశారు, సెల్ఫ్, డైనమో విప్పి ఆరబెట్టారు, పాత బురద గ్రీజు బయటికి వచ్చేదాకా హబ్బుల్లో కొత్త గ్రీజు కొట్టారు. మూడో రోజు సాయంత్రం బండి లేచింది. లోపల మిగిలిన నెమ్ము ఆయిల్‌లో కలుస్తుందని, పది గంటలు నడిపాక ఆ కొత్త ఆయిల్ కూడా తీసేసి మళ్ళీ పోయించాం.