పెన్‌డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలు పాడవకుండా ఉండాలంటే

ప్రాణహిత ఒడ్డున సిరొంచలో నాది ఫొటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌తో పాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా ఇస్తాను. చాలామంది దాన్ని బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి ముట్టుకోరు. 2022 ప్రాణహిత పుష్కరాల వీడియోలు కూడా చాలా ఇళ్లలో అలాగే పడి ఉన్నాయి. లోపలి చిప్‌కి అదే పడదు. ఒకావిడ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో తలంబ్రాల ఫొటో తెరిస్తే పైసగమే కనిపించింది, కింది సగమంతా బూడిద రంగు. "అన్నా, జాగ్రత్తగానే దాచాం కదా" అంది.

అందులో ఉండేది ఫ్లాష్ మెమరీ. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుయోకా 1980లలో దీన్ని కనిపెట్టారు. ఒక్కో మెమరీ సెల్‌లోకి కొన్ని ఎలక్ట్రాన్లను పంపి, కరెంటు పారనివ్వని పొర మధ్య బంధిస్తారు. కరెంటు తీసేసినా అవి వెంటనే బయటికి పోవు కాబట్టే ఫొటో నిలుస్తుంది. కంప్యూటర్ పని జరుగుతున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ, అంటే ర్యామ్‌లో అయితే ఛార్జ్ ఇట్టే కారిపోతుంది, మామూలుగా 64 మిల్లీసెకన్లలోపే మళ్లీ నింపుతుండాలి. కరెంటు పోతే సేవ్ చేయని పని పోయేది అందుకే.

చవక పెన్‌డ్రైవ్‌ల్లో, కెమెరా మెమరీ కార్డుల్లో ఒక్కో సెల్‌లో మూడేసి బిట్లు (0 లేదా 1 అనే గుర్తులు) ఇరికిస్తారు, అంటే ఛార్జ్‌కి ఎనిమిది మట్టాలు. చెంబు లోపల ఎనిమిది గీతలు గీసి, నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో చూసి లెక్క చెప్పడం లాంటిది. కాస్త ఆవిరైతే ఐదో గీత నాలుగో గీత అవుతుంది. ఎలక్ట్రాన్లూ అలాగే మెల్లగా జారిపోతాయి, వేడికి ఇంకా తొందరగా. మా వైపు మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. చిన్న తప్పుల్ని లోపల మెమరీని నడిపే చిప్, అంటే కంట్రోలర్ దిద్దుకుంటుంది, అవి ఎక్కువైతే దాని వల్లా కాదు. పదేపదే రాసి చెరిపిన కార్డులో ఆ పొర కూడా అరిగి ఉంటుంది.

కాబట్టి ఇల్లు చేరగానే ఇంకో కాపీ హార్డ్‌డిస్క్‌లో వేయండి. మూడోది వేరే ఇంట్లో ఉంచండి, నది అవతల కాళేశ్వరంలో ఆడబిడ్డ ఉంటే మరీ మంచిది. ఏటా ఉగాదికి పెన్‌డ్రైవ్ బయటికి తీయండి. ఊరికే గుచ్చి చూస్తే చాలదు. అన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసి, కొన్ని తెరిచి చూసి, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, అంటే ఖాళీ చేసి, తిరిగి ఎక్కించండి. అప్పుడే సెల్స్‌లో ఛార్జ్ కొత్తగా పడుతుంది. కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఎప్పుడూ వదలకండి.

పెన్‌డ్రైవో కెమెరా కార్డో పెట్టగానే ఎప్పుడైనా కంప్యూటర్ తనంతట తానే "ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే కంగారులో ఓకే నొక్కొద్దు, ఆ కార్డుతో ఇంకో ఫొటో కూడా తీయొద్దు. ఫైళ్ల జాబితా చెడినా, చాలాసార్లు ఫొటోల డేటా లోపలే ఉంటుంది. కొత్తది రాస్తే అదీ పోతుంది. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికించి, దొరికినవి అదే కార్డులో కాకుండా కంప్యూటర్‌లో సేవ్ చేయండి.