చేలో ఎలక మందు ఎలా పెట్టాలి? (పెంపుడు కుక్క చావకుండా)

సార్వా (వానాకాలం పంట) అయినా దాళ్వా (రెండో పంట) అయినా వరి చేను పొట్ట మీదకి రాకముందే మందు పెట్టెయ్యాలండి, వెన్ను పాలు పోసుకున్నాక ఎలక మన నూకల మొహం కూడా చూడదు. గట్టు అవతల రైతు కూడా అదే రోజు పెట్టాలి, లేకపోతే ఆయన చేలో ఎలకలన్నీ మన గట్టుకే కాపురం వచ్చేస్తాయి.

ఎరకి కావలసినవి: బ్రోమోడయోలోన్ అనే ఎలక మందు 0.25 శాతం పొడి, నూకలు, నూనె, పాత పేపర్లు, గ్లౌజులు. నూకలు 96 పాళ్ళు, నూనె 2, మందు 2. ముందు నూనె పట్టించి తర్వాత మందు వేసి కర్రతో కలిపి 15 గ్రాముల పొట్లాలు కట్టడమే. వంటింటి గిన్నె వాడొద్దు. నూనె వేరుశనగదే వెయ్యాలి, పామాయిల్ దండగ. వాసన కోసం ఎండుచేపల పొడి కలిపేవాళ్ళున్నారు, దానికి ఎలక కంటే ముందు ఊళ్ళో కుక్కలూ పిల్లులూ వచ్చేస్తాయి.

జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలక మందు అయితే రాత్రికి రాత్రే పని అయిపోద్దని కొందరికి మోజు. దానికి ముందు రెండ్రోజులు మందు లేని నూకలు అలవాటు చెయ్యాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండదు, కొంచెం తిని బతికిన ఎలక మళ్ళీ ఆ ఎర ముట్టదు. పైగా కుక్క తింటే దానికి విరుగుడు లేదు, కడుపులో ఫాస్ఫీన్ గ్యాస్ పుడుద్ది. బ్రోమోడయోలోన్‌కైతే విటమిన్ కె1 ఉంది. కాబట్టి ఇదే వాడండి.

ఇప్పుడు అందరూ చెడగొట్టే పని. పొట్లాలు గట్టు మీద విసురుకుంటూ పోతారు, అలా చేస్తే ఎలక మందు పెట్టినట్టు కాదు, కుక్కలకి పెట్టినట్టు. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసెయ్యండి, పొద్దున్నే వెళ్తే కొన్ని తెరుచుకుని ఉంటాయి, ఎలక ఉన్నవి అవే, మిగతావాటి జోలికి పోవద్దు. ఆ కన్నంలోకి పొట్లాన్ని కర్రతో మూరెడు లోపలికి తొయ్యాలి, మూతి దగ్గర వదిలేస్తే కుక్క గోకి లాగేసుద్ది. తోశాక మూతి గడ్డీ మట్టితో లూజుగా కప్పండి, ఎలక ఎలాగూ తెరుచుకుంటుంది. ఎన్ని పెట్టారో లెక్క రాసుకోండి, మర్నాడు బయటపడ్డవి ఏరెయ్యాలి, బాతుల మంద దిగే చేలైతే మరీను.

ఇంకో సంగతి, ఈ మందు తిన్న ఎలక వెంటనే చావదు, మూడో రోజు నుంచి పది రోజుల దాకా ఒక్కోటీ చస్తూ ఉంటాయి. ఆ చచ్చినవాటిని కుక్క వరసగా తిన్నా విషం ఎక్కుద్ది, గుడ్లగూబకీ అంతే. అన్నాళ్ళూ కుక్కని కట్టెయ్యండి, చచ్చిన ఎలకల్ని ఏరి లోతుగా పాతెయ్యండి, కాలవలో పడెయ్యొద్దు.

కుక్కల బెడదని ఇదే మందు అన్నం ముద్దలో పెట్టేవాళ్ళూ ఉన్నారు. 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం, పైగా ఆ ముద్ద ముందు తినేది ఎవరు పెట్టినా తోక ఊపే పెంపుడు కుక్కే.

కుక్క మందు తినేసిందని డౌటు వస్తే బానే ఉంది కదా అని ఆగొద్దు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్ల విరేచనం కనపడేది మూడు నాలుగు రోజులు పోయాకే. ఉప్పునీళ్ళు పొయ్యకండి, మందు డబ్బా పట్టుకుని పశువుల ఆసుపత్రికి పోండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యండి. జింక్ ఫాస్ఫైడ్ తింటే దారిలో పాలూ అన్నం ఏమీ పెట్టొద్దు, బండి అద్దాలు దించుకునే వెళ్ళండి, అది కక్కితే వచ్చే గ్యాస్ మీకూ ప్రమాదమే.