తొండల జాతులు డీఎన్‌ఏతో విడదీయడం ఎలా

తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు గానీ, కంచె మీద కూర్చుని తలాడించే ఆ తొండలన్నీ ఒకే జాతి కాదు. పాకిస్తాన్ నుంచి ఆగ్నేయాసియా దాకా కనిపించిన వాటన్నిటినీ ఏళ్ల తరబడి కేలోటిస్ వెర్సికలర్ అనే ఒకే శాస్త్రీయ నామంతో రాసుకున్నారు. 2021లో వచ్చిన జన్యు అధ్యయనం దక్షిణాసియా తొండల్ని నాలుగు జాతులు చేసింది: వెర్సికలర్, వల్చువోసస్, ఇరావాడి, ఫరూకి. రంగు చూసి తేలుద్దామా అంటే, అది ఎండకొకటి నీడకొకటి, జతకట్టే కాలంలో మగదానికి ఇంకొకటి.

ముందు అటవీ శాఖ అనుమతి. అది చేతికి రాకుండా ఒక్కదాన్నీ పట్టొద్దు.

ఒకే ఊళ్లో ఇరవై పట్టే కన్నా పది ఊళ్లలో రెండేసి మేలు. బల్లి తోక పట్టుకుంటే వదిలేసి పోతుంది, తొండ తోక అలా ఊడదు, తెగితే మళ్లీ పెరగదు కూడా, కాబట్టి కొసన కొంచెం మాత్రమే కత్తిరించండి, లేదంటే నోట్లో దూదిపుల్ల తిప్పండి. తోక ముక్క 95 శాతం ఇథనాల్‌లో వేసి, చీటీ పెన్సిల్‌తో రాసి లోపల పెట్టండి (పెన్నుతో రాసి, ఇంకు కరిగి, ఏ సీసా ఏ ఊరిదో తెలీక తల పట్టుకున్నాను నేను). ఫొటో, జీపీఎస్, ముక్కు కొస నుంచి మలద్వారం దాకా పొడవు అక్కడే రాసుకోవాలి.

ల్యాబ్ పని తేలికే: ముక్కని ప్రొటినేజ్ కేలో (మాంసాన్ని కరిగించే ఎంజైమ్) 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, డీఎన్‌ఏ తీసి, పీసీఆర్‌లో (డీఎన్‌ఏకి నకళ్లు తీసే పద్ధతి) 16ఎస్, సీఓఐ అనే రెండు జన్యువులు పెంచి, వాటి అక్షరాల వరస చదివే సీక్వెన్సింగ్‌కి పంపడమే. వచ్చిన వరసల్ని మాఫ్ట్ అనే ప్రోగ్రామ్‌లో ఒకదాని కింద ఒకటి సరిగ్గా పేర్చి, ఐక్యూ-ట్రీ అనే ఇంకో ప్రోగ్రామ్‌లో వంశవృక్షం లాంటి చెట్టు గీయండి. ఈ గుంపులో లేదని ఖాయంగా తెలిసిన తొండ వరస ఒకటి కూడా పోలికకి కలపడం మర్చిపోవద్దు, లేకపోతే చెట్టుకి వేరెక్కడో తెలీదు.

అసలు చిక్కు పేర్ల దగ్గర. చెట్టు కొమ్మల్ని చూపిస్తుంది, ఏ కొమ్మకి ఏ పేరో చెప్పదు. వెర్సికలర్ అని 1802లో పేరు పెట్టింది ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త దొదాఁ, ఆయన చూసిన నమూనా పోయింది, అందుకే 2016లో పుదుచ్చేరి తొండని కొత్త ప్రామాణిక నమూనాగా నిలబెట్టారు. కాబట్టి పుదుచ్చేరి తొండ ఏ కొమ్మలో ఉంటే వెర్సికలర్ ఆ కొమ్మే. జెన్‌బ్యాంక్‌లో (అందరూ డీఎన్‌ఏ వరసలు దాచే ఆన్‌లైన్ ఖజానా) పాత వరసల మీదున్న పేరుని నమ్మేయకండి, ఆ తొండ ఏ ఊరిదో చూడండి.

ఇంకోటి, 16ఎస్, సీఓఐ రెండూ తల్లి నుంచే వస్తాయి. రెండు జాతులు కలిసి పుట్టిన పిల్లలో తల్లి వంశమే కనిపిస్తుంది, అందుకని తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే ఆర్‌ఏజీ1 లాంటి కేంద్రక జన్యువు ఒకటైనా చూసి, పొలుసులు లెక్కపెట్టి పోల్చుకోవాలి. చెన్నైవి, పాట్నావి మాత్రమే తెస్తే, అంత దూరపు ఊళ్లవి కాబట్టి రెండు కొమ్మలు ఎలాగూ విడిగా కనిపిస్తాయి, కొత్త జాతి అని పేపర్ మొదలుపెట్టే ముందు మధ్యలో శ్రీకాకుళం, ఒడిశా వైపు ఇంకో ట్రిప్ వేయండి.