కాలేజీ స్పోర్ట్స్ కాన్ఫరెన్స్‌కి కొత్త కమిషనర్‌ని ఎలా ఎంచుకోవాలి?

అమెరికా కాలేజీ ఆటలు ఫాలో అయ్యేవాళ్ళకి బిగ్ టెన్, ఎస్ఈసీ, బిగ్ 12 పేర్లు తెలిసే ఉంటాయి. యూనివర్సిటీలు ఆటల కోసం కలిసి పెట్టుకున్న సంఘాలివి, వీటినే కాన్ఫరెన్స్‌లంటారు. టీవీ డబ్బులు తేవడం, షెడ్యూల్ వేయడం, రూల్స్ చూడటం అంతా కమిషనర్ ఆఫీసు పనే. మనవాళ్ళు బోలెడంతమంది ఉండే టెక్సాస్ అర్వింగ్‌లోనే బిగ్ 12 ఆఫీసు ఉంది. ఇలాంటి కాన్ఫరెన్స్‌లో కమిషనర్ కుర్చీ ఖాళీ అయితే ఎవర్ని పెట్టాలో తేల్చేది యూనివర్సిటీ ప్రెసిడెంట్లు, ఛాన్సలర్ల బోర్డు.

ముందు పేర్లు కాదు, టీవీ కాంట్రాక్ట్ చూడండి

మ్యాచ్‌లు చూపించే ఛానళ్ళతో ఉన్న ఆ కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోతుందో చూసి, కొత్తగా వచ్చే కమిషనర్ మొదటి రెండేళ్ళ పనేంటో ఒక పేజీలో రాసుకోండి, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి. 2022లో బిగ్ 12 బ్రెట్ యోర్‌మార్క్‌ని తీసుకుంది, ఆయన రాక్ నేషన్ అనే ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీ నుంచి వచ్చిన బిజినెస్ మనిషి, కాలేజీ స్పోర్ట్స్‌లో పని చేసిందే లేదు, అయినా ఆగస్టులో కుర్చీలో కూర్చుని అక్టోబర్ కల్లా ఈఎస్‌పీఎన్, ఫాక్స్ టీవీ సంస్థలతో దాదాపు 228 కోట్ల డాలర్ల డీల్ ఖాయం చేసేశారు. అదే టైంలో డీల్ కోసం తిరుగుతున్న పాక్-12 అనే ఇంకో కాన్ఫరెన్స్ మాత్రం 2023 ఆగస్టు దాకా సాగదీసింది, ఒక్కో స్కూలూ (అంటే యూనివర్సిటీయే) వెళ్ళిపోయి చివరికి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. అక్కడి కమిషనర్ జార్జ్ క్లియావ్‌కాఫ్ కూడా ఎంజీఎం రిసార్ట్స్ అనే హోటళ్ళు, కేసినోల కంపెనీ నుంచి వచ్చిన బయటి మనిషే. అంటే బయటివాళ్ళా లోపలివాళ్ళా అన్న గొడవతో టైం వేస్ట్ చేయొద్దు, చేతిలో ఉన్న పని ఈ మనిషి చేయగలరా లేదా అదొక్కటే చూడండి.

చిన్న కమిటీ వేయండి

నలుగురైదుగురు ప్రెసిడెంట్లు, యూనివర్సిటీలో ఆటల విభాగం చూసే అథ్లెటిక్ డైరెక్టర్లు ఒకరిద్దరు చాలు, వీలైతే ఒక ఆటగాడో ఆటగత్తో ఉంటే ఇంకా మంచిది. క్యాండిడేట్లని వెతికిపెట్టే సెర్చ్ ఫర్మ్‌ని పెట్టుకోండి. మంచి క్యాండిడేట్లు ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో ఉంటారు కాబట్టి పేరు బయటికొస్తే వెనక్కి తగ్గుతారు. ప్రభుత్వ యూనివర్సిటీల ఈమెయిల్స్ పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఎవరైనా అడగొచ్చు, అందుకని పేర్ల గురించి మెయిల్స్‌లో రాసుకోవద్దు.

ఇంటర్వ్యూలో అసలు సమస్యే ముందు పెట్టండి

మీ విజన్ ఏంటి అని అడిగితే అందరూ బాగానే చెప్తారు. దాని బదులు వాలీబాల్ షెడ్యూల్ ఒకటి చేతిలో పెట్టండి. లాస్ ఏంజిల్స్‌లో ఉన్న యూసీఎల్ఏ యూనివర్సిటీ, న్యూజెర్సీలో ఉన్న రట్గర్స్ యూనివర్సిటీ ఇప్పుడు ఒకే కాన్ఫరెన్స్, బిగ్ టెన్‌లోనే ఉన్నాయి, మధ్యలో దాదాపు 4 వేల కిలోమీటర్లు. ఆ పిల్లలకి క్లాసులు పోకుండా దీన్ని ఎలా మారుస్తారు, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అని అడిగి, పెన్ను ఇచ్చి ఒక అరగంట వదిలేయండి. తర్వాత డబ్బు మీద అడగండి: స్కూళ్ళే ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చని తేల్చిన హౌస్ సెటిల్‌మెంట్ అనే కోర్టు రాజీ వచ్చాక, 2025-26లో ఒక్కో స్కూలు ఆటగాళ్ళకి 2.05 కోట్ల డాలర్ల దాకా పంచొచ్చు, అంత పెట్టలేని స్కూళ్ళని ఎలా కలుపుకుని పోతారు? ఈ రెండిటికీ సూటిగా జవాబివ్వలేని మనిషి ఎంత పేరున్నవాళ్ళైనా నేనైతే వద్దనే అంటాను.

రిఫరెన్స్ చెక్‌లో పైవాళ్ళతో పాటు వాళ్ళ కింద పనిచేసినవాళ్ళకి కూడా ఫోన్ చేయండి.

కాంట్రాక్ట్

మధ్యలో వెళ్ళిపోతే ఎంత ముందు చెప్పాలో రాయించుకోండి. బిగ్ టెన్ కమిషనర్ కెవిన్ వారెన్ 2020లో వచ్చి 2023లోనే షికాగో బేర్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీమ్‌కి వెళ్ళిపోయారు. పాత కమిషనర్ ఒప్పుకుంటే కొత్తవాళ్ళు వచ్చేదాకా ఉండమనండి, బిగ్ 12లో బాబ్ బౌల్స్‌బీ అలాగే ఉన్నారు.

బోర్డు ఓటింగ్ అయ్యాక మొదటి నెలంతా ప్రెస్ మీట్లతో నింపేయకుండా కొత్త కమిషనర్‌ని ఒక్కో క్యాంపస్‌కి పంపించండి, కోచ్‌లతో, ట్రైనర్లతో, ఆడే పిల్లలతో విడివిడిగా కూర్చోనివ్వండి, టీవీ వాళ్ళతో మీటింగ్ దాని తర్వాతే పెట్టండి.