అడక్కుండా నవల్లోకి వచ్చేసిన మనిషిని ఏం చేయాలి?

నవల సగానికి వచ్చింది, ఎవరు ఎప్పుడు ఏం చేయాలో చార్ట్ గీసి గోడకు అంటించుకున్నాం, అంతా బాగానే నడుస్తోంది అనుకుంటుండగా ఎందుకో రాసిన నాలుగు లైన్ల సీన్‌లోంచి ఒక మనిషి వచ్చి కూర్చుని ఇంక కదలనంటుంది. కొందరు సంబరపడిపోయి నవల మొత్తం ఆమె చేతికి ఇచ్చేస్తారు, కొందరు టెన్షన్ పడి కొట్టేస్తారు. నేను రెండూ చేశా, రెండూ తప్పే. ఏం చేస్తే పని జరిగిందో చెప్తా.

నేను రాస్తున్నది వజ్రాల వేట మీద. కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి వైపు తొలకరి పడిందంటే జనం చేలల్లో దిగుతారు, పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి కాబట్టి. అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపూ ఇదే వరస. నా హీరో పత్తికొండ దగ్గరి కుర్రాడు, మెడదాకా అప్పులు. ఏడో అధ్యాయంలో వాడికి ఆకలేసింది. చేనుగట్టున ఉగ్గాని, మిరపకాయ బజ్జి అమ్మే ఒక అవ్వను పెట్టి, "ఎవరికన్నా దొరికిందా అవ్వా?" అని అడిగించా. దొరుకుతుందిలే నాయనా అని ఆమె ఓదార్చాలి, ప్లాన్ అది. టైప్ చేస్తే వచ్చింది మాత్రం ఇది: "దొరికినోడు నా కాడికి ఎందుకొస్తాడప్పా? దొరకనోళ్లే నా బేరం."

ఇట్లాంటి మాట పడగానే చేయకూడని పని, అదే ఊపులో ఆమె చేత ఇంకో పది పేజీలు మాట్లాడించడం. నేను మాట్లాడించా. మూడో పేజీకల్లా అవ్వ నోరు తెరిస్తే సూక్తే, క్యాలెండర్ కాగితాల వెనక వేసే రకం. అంతా తీసేశా. ఆ ఒక్క మాట ఉంచి, సీన్‌ను అక్కడే ఆపి, వేరే ఫైల్ తెరవండి. అందులో రాసేది నవల్లోకి రాదు, కాబట్టి బాగా రాయాలన్న బెంగ అక్కర్లేదు.

ఆ ఫైల్లో మొదట ఆమె పని రాయండి. గతం కాదు, మనసు కాదు, పని. తెల్లారకముందే లేవడం, ఆటోలో గిన్నెలు సర్దడం, ఉగ్గానికి బొరుగులు (మరమరాలు) నీళ్లలో ముంచి అరచేతుల మధ్య పిండటం. అదనంగా ఒక్క నిమిషం నానితే ముద్దయిపోతాయి, సరిగ్గా నానకపోతే నోట్లో కరకరమంటాయి, అందుకే ఆమె మాట్లాడుతున్నప్పుడు కూడా కళ్లు గిన్నె మీదే ఉంటాయి. తర్వాత ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు, పసుపు, పైన పుట్నాలపప్పు పొడి. ఇదంతా రాస్తుంటేనే నాకు తెలిసింది, ఈమె ఎవరితోనూ ఎదురుగా మొహం చూసి మాట్లాడదని. హీరో మొహం కాదు, వాడి చేతులే చూస్తుంది. గోళ్లలో మట్టి ఎంత ఉందో చూసి వాడు ఎన్ని రోజులుగా తిరుగుతున్నాడో చెప్పేస్తుంది. ఇది నేను కూర్చుని ఆలోచిస్తే వచ్చేది కాదు.

పని అయ్యాక లెక్క. కథలు రాసేవాళ్లు డబ్బు లెక్క ఎందుకో ఎగ్గొడతారు, నాకైతే అందులోనే కథ దొరికింది. ప్లేటు 30 రూపాయలు, మంచిరోజున 60 ప్లేట్లు, అంటే 1800. బొరుగులు, నూనె, ఉల్లిపాయలు, ఆటో కలిపి 1100 పోతే మిగిలేది 700. ఇది ఎన్ని రోజులు? అక్కడ పెన్ను ఆగింది. వాన పడితేనే జనం వస్తారు, సరే. కానీ ఇంకో మంచి వాన పడితే రైతులు విత్తనం వేస్తారు, విత్తిన చేలో ఎవర్నీ అడుగు పెట్టనివ్వరు, అవ్వ బేరం ఆరోజుతో సరి. అంటే ఈమెకు ఒక వాన కావాలి, రెండోది వద్దు. సరిగ్గా అప్పుడే ఆమెకు రెండెకరాల చేను ఇచ్చా, బుడ్డలు (వేరుశనగ) విత్తుకోవాలి, దానికి ఆ రెండో వానే దిక్కు. ఇంక ఆమె ఆకాశం వైపు చూసిందంటే ఏం కోరుకుంటోందో ఆమెకే తెలీదు. నా హీరోకి పన్నెండు అధ్యాయాలు రాసినా ఇంత చిక్కు పడలేదు.

భాష సంగతి. సీమ మనిషి కదా అని ప్రతి మాటనూ యాసలో ముంచితే చదివేవాడికి ఊపిరాడదు. నాలుగైదు మాటలు పట్టుకోండి: కాడికి, యాడికి, ఉండాది, పోతాండావు, అప్పా. మిగతాది వాక్యం నడకలో రావాలి. ఆదోని దగ్గర మాట్లాడినట్టు కడపలో మాట్లాడరు, కాబట్టి రాసింది ఆ వైపు వాళ్లెవరికైనా పైకి చదివి వినిపించండి, వాళ్లు నవ్విన చోట గుర్తు పెట్టుకోండి.

అన్నట్టు, ఆమెకు ఏడుపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టొద్దు. చనిపోయిన కొడుకు, వదిలేసిన మొగుడు, ఇవన్నీ రెడీగా చేతికి అందుతాయి. నా ఫ్రెండొకడు డ్రాఫ్ట్ చదివి, క్లైమాక్స్‌లో ముసలామెను చంపెయ్, ఎమోషన్ పండుతుంది అన్నాడు. వాడికి ఇంక డ్రాఫ్టులు పంపట్లేదు.

ఇప్పుడు అసలు నవలకు రండి. ఆమెను ఏడో అధ్యాయంలో హఠాత్తుగా పెద్దది చేస్తే అతుకు కనబడుతుంది. వెనక్కి వెళ్లి రెండో అధ్యాయంలోనో మూడులోనో ఒకసారి కనబడనివ్వండి, బస్సులో గిన్నెల మూట పక్కన చోటు కోసం గొడవ పడుతూనో ఎట్లాగో. పేరు అక్కర్లేదు. తర్వాత మీ ముఖ్యమైన సీన్లు తీసి, ఆమె చూస్తుండగా జరిగితే ఏం మారుతుందో చూడండి. ఏమీ మారని చోట ఆమెను పెట్టొద్దు. నాకు వజ్రాల వ్యాపారి బేరమాడే సీన్ మారింది, హీరో ప్రేమకథ మారలేదు. మారలేదు సరికదా, పక్కన ఈమె ఉంటే ఆ ప్రేమకథ ఎంత పేలవంగా ఉందో తెలిసిపోయింది. మూడు అధ్యాయాలు కోసేశా. ప్రాణం ఉసూరుమంది, కానీ చెరిపేయకుండా వేరే ఫోల్డర్లో పడేస్తే కొంచెం తేలిగ్గా ఉంటుంది.

చివర్లో ఆమె ఉన్న పేజీలు మాత్రమే వరసగా చదవండి, మిగతావి దాటేసి. తప్పులు అప్పుడే దొరుకుతాయి. నాకు దొరికింది చూడండి: ఏడో అధ్యాయంలో హీరో మూడు ప్లేట్లు తిని, 90 రూపాయలు రేపిస్తా అవ్వా అని వెళ్లాడు. 21వ అధ్యాయం దాకా ఇవ్వలేదు, ఈమె అడగనూ లేదు. ప్లేటు ప్లేటుకీ లెక్క చూసుకునే మనిషి అడక్కుండా ఉంటుందా? మర్చిపోయింది నేను. ప్రస్తుతం ఆ బాకీ వసూలు చేసే సీన్ రాస్తున్నా, హీరో జేబులో 40 రూపాయలే ఉన్నాయి.