సిక్స్త్ ఫామ్ సీటు: ఆరు గ్రేడు తెచ్చిన తంటా

మేముండేది తూర్పు లండన్‌లో. అమ్మాయి సిక్స్త్ ఫామ్ కాలేజీకి (మన ఇంటర్ కాలేజీ లాంటిది) అప్లై చేసి, అక్కడ చదివే ఏ-లెవెల్స్‌కి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ పెట్టుకుంది. ఆ కాలేజీలో మ్యాథ్స్ తీసుకోవాలంటే జీసీఎస్ఈలో (మన టెన్త్ లాంటి పరీక్ష; గ్రేడ్లలో 9 అన్నిటికన్నా పైది) 7 ఉండాలి. అప్లికేషన్‌లో స్కూలు వేసిన అంచనా గ్రేడేమో 6. ఇంకేముంది, ఇంటర్వ్యూకి పిలుపే లేదు. ఇంట్లో టెన్షన్ మామూలుగా లేదు.

తీరా చూస్తే అది ఇయర్ 10 (జీసీఎస్ఈ రాసే ఏడాదికి ముందు క్లాసు) చివర్లో వేసిన గ్రేడు. డిసెంబరు మాక్‌లో (అసలు పరీక్షకి ముందు పెట్టే నమూనా పరీక్ష) అమ్మాయికి 8 వచ్చింది! ఆ పేపరు పట్టుకుని స్కూల్లో ఇయర్ హెడ్‌ని (ఆ క్లాసు పిల్లలందరి బాధ్యత చూసే టీచర్) కలిశాం. ఆవిడ మధ్యాహ్నానికల్లా కాలేజీకి మెయిల్ పెట్టారు.

అప్లికేషన్‌లో తన గురించి రాసుకునే పర్సనల్ స్టేట్‌మెంట్ కూడా మార్చాం. 'చిన్నప్పటి నుంచీ లెక్కలంటే ఇష్టం' అన్న లైను కొట్టేసి, తమ్ముడికి భిన్నాలు నేర్పడానికి దోసెను ఎనిమిది ముక్కలు చేసిన సంగతి రాసింది. (ముక్కలన్నీ వాడే తిన్నాడు.)

మార్చిలో షరతులతో ఆఫర్ వచ్చింది. ఆగస్టులో రిజల్ట్స్ స్లిప్పు, పాస్‌పోర్టు పట్టుకుని ఎన్‌రోల్‌మెంట్ క్యూలో నిలబడ్డాం. మ్యాథ్స్‌లో 7.