పులికాట్ సరస్సులో మంచు మొదలైంది, బోటు హారన్ సంగతి చూసుకోండి

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు భీములవారిపాళెం రేవు నుంచి ఇరకం దీవికి పోయే బోటులో నేనూ ఉన్నాను. మంచుకు ముందు కూర్చున్నాయన వీపు తప్ప ఏమీ కనపడలేదు. మా డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయకుండా అదే జోరులో పోనిస్తున్నాడు. ఉన్నట్టుండి ఎడమపక్క ఇంకో బోటు ముక్కు బయటికొచ్చింది. వాళ్ళ బుట్టల్లోని రొయ్యల వాసన తగిలేంత దగ్గర. వాళ్ళూ హారన్ కొడుతూనే వచ్చారట! ఇద్దరూ కొట్టారు, ఎవరూ వినలేదు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగాక లైఫ్ జాకెట్ గురించి అందరికీ తెలిసింది. దాని జోలికి పోను. సంక్రాంతి దాకా పొద్దున్నే మంచు, రేవులో జనం. ఇప్పుడు మాట్లాడాల్సింది హారన్ గురించే.

నేను చూసిన తప్పు ఒక్కటే. తిరుపతి బస్టాండు ముందు ఆటో హారన్ కొట్టినట్టు నీళ్ళ మీద కొడతారు. రోడ్డు మీద హారన్ అంటే ‘జరుగు’. బోటు హారన్ అంటే ‘నేను ఈ పని చేస్తున్నా’. కొట్టాం కదా, వాడే తప్పుకుంటాడులే అనుకుని వేగం తగ్గించరు. చూడండి, అదే ముంచుతుంది.

కూతలు రెండే రకాలు. పొట్టి కూత దాదాపు 1 సెకను, పొడుగు కూత 4 నుంచి 6 సెకన్లు. ఎదురుబోటు కనపడుతున్నప్పుడు ఒక పొట్టి కూత కొడితే కొట్టినవాడు తన కుడికి తిరుగుతున్నట్టు, రెండయితే తన ఎడమకు. మూడంటే ఇంజను రివర్సులో వేశానని. రివర్సు వేసినంత మాత్రాన బోటు వెంటనే వెనక్కి రాదు, ఆ ఊపుకు ఇంకా ముందుకే జారుతుంది. మూడు కూతలు విని ‘ఆగిపోయాడులే’ అనుకుంటే అంతే. ఐదు, అంతకన్నా ఎక్కువ గబగబా కొడితే ‘నువ్వేం చేస్తున్నావో అర్థం కావడం లేదు, ప్రమాదం’ అని. అందుకే పిల్లలు అడిగారని పీపీపీ వాయించకండి. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు ఆ కూతను ఎవరూ పట్టించుకోరు.

మన సరస్సు సగటు లోతు మీటరు అటూఇటూ. లోతున్న దారి సన్నగా ఉంటుంది, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అందులోనే. అందుకే కుడి అంచు పట్టుకుని పోవాలి. చెట్లూ కంపలూ అడ్డమొచ్చి అవతల కనపడని మలుపు దగ్గర ఒక పొడుగు కూత. అవతలి నుంచి అలాంటిదే జవాబు వస్తే బోటు ఉన్నట్టే. రాకపోతే? ఎవరూ లేరని కాదు. వలవేసే నాటుపడవకు ఇంజనూ ఉండదు, హారనూ ఉండదు. వేగం తగ్గించండి.

మంచులో కదులుతుంటే 2 నిమిషాలకు మించకుండా ఒక్కో పొడుగు కూత. ఇంజను నడుస్తూ బోటు నిలిచిపోయి ఉంటే రెండు పొడుగు కూతలు, మధ్యలో 2 సెకన్లు ఆపి. కొట్టాక చెవి పెట్టండి. మంచులో శబ్దం ఏ దిక్కు నుంచి వస్తుందో నమ్మకంగా చెప్పలేం, దాన్నిబట్టి పక్కకు తిప్పేయకండి. ముందు నుంచి కూత వినపడిందంటే ఇంజను బాగా తగ్గించేయండి, అవసరమైతే ఆపేయండి.

స్పీకర్లో పాటలు ఆపండి. ముక్కు దగ్గర ఒకరిని వినడానికే కూర్చోబెట్టండి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. కుడి అని కూత కొట్టి ఎడమకు తిప్పకండి. సందేహంగా ఉంటే తిప్పనే వద్దు, ఆగండి. 12 మీటర్ల లోపు బోటుకు పెద్ద హారన్ తప్పనిసరి కాదు, కానీ గట్టిగా వినపడే శబ్దం చేసేది ఏదో ఒకటి ఉండి తీరాలి. హారన్‌తో పాటు ఒక ఈల మెడలో వేసుకోండి. కొట్టాక వేగం తగ్గించండి. మళ్ళీ చెబుతున్నా, తగ్గించండి. ఉప్పునీటికి బ్యాటరీ వైర్లు తుప్పు పడతాయి, రేవు వదలకముందే ఒకసారి కొట్టి చూడండి. మోగకపోతే ఆ పూట బోటు తీయకండి.